ముడతా? చిరుగా?

మొన్న ఆదివారం బట్టలు ఇస్త్రీ చేస్తుంటే మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, 'ఐరన్ అవుట్' అంటే ఇదేనా?" అంది.

నేను చదివింది తెలుగు బి.ఏ. అయినా ఇది రోజూ చేసే పనే కదా, ధైర్యంగా చెప్పాను. (అన్నట్టు 'ఇస్త్రీ' కూడా మన మాట కాదు, పోర్చుగీసు నుంచి వచ్చింది.) 'ఐరన్‌డ్ అవుట్ దెయిర్ డిఫరెన్సెస్' అంటే మాట్లాడుకుని తేడాలు తీర్చుకున్నారని. పెద్ద తగాదాలకి కాదు, చిన్న చిన్న చిక్కులకి వాడతారు. గుడ్డ బాగానే ఉంది, ముడతలే పోవాలి అన్నమాట.

"మరి తెలుగులో?" అంది. "సర్దుకుపోవడం" అనబోయి ఆగిపోయాను. ముడతల చీరని అలాగే మడిచి బీరువాలో పెట్టేయడం కదూ సర్దుకుపోవడమంటే!

ఆ పని నేను రెండేళ్లు చేశాను. అత్తయ్యని మరిదిగారింటికి పంపే విషయంలో నాకూ మా తోడికోడలికీ మాట పట్టింపు వచ్చింది. పెద్దవాళ్లు "సర్దుకుపోండమ్మా" అన్నారు, సర్దుకున్నాం. పెళ్లిళ్లలో కనిపిస్తే "బాగున్నావా", "బాగున్నా". అంతే. మడతలో ఉండిపోయిన ముడత ఇంకా గట్టిపడుతుందని మనకి తెలియదా?

అత్తయ్య కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్న రాత్రి, వరండాలో కూర్చుని తనే మొదలుపెట్టింది. "అక్కా, అత్తయ్యని పంపుతున్నందుకు కాదు నా కోపం. ఒక్క మాటైనా నన్నడక్కుండా టికెట్టు కొనేశారు" అంది. నిజమే. మావారు వాళ్ల తమ్ముణ్ణి అడిగారు. రేపు వండి పెట్టాల్సిన మనిషిని ఎవరూ అడగలేదు. ఆడదాన్నయ్యుండి నేనూ అడగలేదు. కాస్త వేడిగానే మాట్లాడుకున్నాం, ఇద్దరం ఏడ్చాం. వేడీ, నాలుగు నీటిచుక్కలూ లేకుండా నూలు చీర ముడత పోదు కదా.

అయితే ఒకటి. మా బంధువులమ్మాయి మొగుడి చేతి దెబ్బలు తిని పుట్టింటికొస్తే, చదువుకున్న పెద్దమనిషి ఒకాయన "చిన్న ఇష్యూసమ్మా, ఐరన్ అవుట్ చేసుకోవాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అది ముడత కాదండీ, చిరుగు. దానిమీద పెట్టె తోస్తే ఇంకాస్త చిరుగుతుంది. ఈ తేడా కూడా మా అమ్మాయికి విడమరిచి చెప్పాను.

నోట్సులో మాత్రం 'చిక్కు తీసుకోవడం' అని రాయించాను. వాళ్ల టీచరుగారు ఒప్పుకుంటారో లేదో చూడాలి.