ఆవుకీ ఒక హీట్ బ్యాలెన్స్ షీట్

థర్మల్ ల్యాబ్‌లో ఇంజిన్‌కి హీట్ బ్యాలెన్స్ షీట్ వేస్తాం కదా. పోసిన డీజిల్‌లో షాఫ్ట్‌కి ఎంత చేరింది, కూలింగ్ నీళ్లలోకి ఎంత పోయింది, ఎగ్జాస్ట్‌లో ఎంత పోయింది అని. మొన్న సెలవులకి ఊరెళ్లినప్పుడు మా జెర్సీ ఆవు గాడి పక్కన కూర్చుని అదే లెక్క వేశాను.

ఆవు తిన్న మేతలోని శక్తి కొంత పేడలో, కొంత మూత్రంలో, కొంత ఒంటి వేడిగా పోతుంది. మేతను బట్టి 2 నుంచి 12 శాతం దాకా మీథేన్‌గా పోతుంది. క్లాసులో ఈ మాటొస్తే వెనక బెంచీలో ఒకటే నవ్వులు. నిజానికి అది చాలావరకు బయటికొచ్చేది నోటి నుంచి, త్రేన్పులతో. మీథేన్ మండే ఇంధనం. అంటే అమ్మ డబ్బు పెట్టి కొన్న దాణాలో కొంత ఎగ్జాస్ట్‌లో పోతోందన్నమాట! పైగా వందేళ్ల లెక్కలో అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఎండుగడ్డిలో పీచు ఎక్కువ. అది ఆవు పొట్టలో పులిసినప్పుడు పుట్టే హైడ్రోజన్‌ను సూక్ష్మజీవులు మీథేన్‌గా మారుస్తాయి. గింజలు పులిస్తే ప్రొపియోనేట్ ఎక్కువ తయారై ఆ హైడ్రోజన్‌ను వాడుకుంటుంది. అది పాలకి పనికొస్తుంది.

అలాగని గింజలే కుమ్మరిస్తే పొట్టలో ఆమ్లం పెరిగి ఆవు జబ్బు పడుతుంది. అయినా మనం తినలేని గడ్డిని పాలు చేయడమే కదా ఆవు గొప్పతనం!

అందుకే నేననేది, గడ్డి మానేయక్కర్లేదు, దాన్ని బాగుచేసుకుంటే చాలు. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, 100 కిలోల వరిగడ్డి మీద చల్లి, గాలి తగలకుండా మూడు వారాలు మాగబెడితే బాగా అరుగుతుంది. దూడలకి మాత్రం పెట్టకూడదు. తోడుగా కాస్త అలసంద, పిల్లిపెసర లాంటి పచ్చిమేత వేయాలి. ఆవు వదిలే మొత్తం మీథేన్ తగ్గకపోవచ్చు. కానీ పాలు 4 లీటర్లిచ్చినా 8 లీటర్లిచ్చినా ఆవు ఒంటిని నిలబెట్టుకోవడానికి కావాల్సిన మేత దాదాపు అంతే. కాబట్టి పాలు పెరిగితే లీటరుకి పడే మీథేన్ తగ్గుతుంది.

ఇదంతా విని అమ్మ ఒకటే అడిగింది: "అంతా బానే ఉంది గానీ, ఆ గడ్డి నువ్వు మాగబెడతావా, నేను మాగబెట్టాలా?"

నా దగ్గర జవాబు లేదు. తెల్లారకముందే లేచి పాలు పితికే మనిషి మీద ఇంకో పని వేసి, భూమి చల్లబడుతుందంటే ఎవరు ఒప్పుకుంటారు? ఆ లాభం ఆమెకి పాల కేంద్రం చీటీలో కనిపించాలి.

వచ్చే సెలవుల్లో మొదటి 100 కిలోలు నేనే మాగబెడతాను. మీ ఇంట్లోనూ పాడి ఉంటే మీరూ ఓ చెయ్యి వేయండి. చీటీలు పక్కపక్కన పెట్టి చూద్దాం.