తల్లి ఒడిని బోనెక్కించకండి

గత నెల మా బస్తీలో తల్లిదండ్రుల సమావేశం జరిపాము. దొంగతనాలకు, మత్తుకు అలవాటు పడుతున్న పిల్లల గురించి మాట్లాడేందుకు ఒక మనస్తత్వ నిపుణుణ్ణి పిలిచాము. సహృదయుడే. అయితే గంటసేపు ఆయన చెప్పిన సారం ఒక్కటే: నేరానికి బీజం బాల్యంలో, తల్లి ఒడిలోనే పడుతుందట. ముందు వరుసలోని తల్లులు తలలు దించుకున్నారు. వారిలో ఒకామె నాలుగిళ్లలో పాచిపని చేసి ముగ్గురు బిడ్డలను సాకుతోంది. భర్త విచారణ ఖైదీ.

అణచివేసుకున్న కోరికలు, లోలోపలి అపరాధ భావం మనిషిని నేరం వైపు నెడతాయని ఫ్రాయిడ్ మార్గీయులు అంటారు. మా వక్త ఆధారంగా చూపినది మాత్రం 1944లో వెలువడిన జాన్ బౌల్బీ పరిశోధనను. లండన్‌లోని ఒక క్లినిక్‌కు వచ్చిన 44 మంది బాల దొంగలను, దొంగతనం అలవాటు లేని మరో 44 మందితో బౌల్బీ పోల్చారు. దొంగల్లో 14 మందిని మమకారం ఎరుగనివారిగా గుర్తించారు. వారిలో 12 మంది పసితనంలో తల్లికి దీర్ఘకాలం దూరమైనవారు. మిగిలిన 30 మందిలో అట్టివారు ఐదుగురే. అనగా 44 మందిలో 27 మంది అటువంటి ఎడబాటు లేకుండానే దొంగలయ్యారు! ఈ లెక్క సభలో వినిపించలేదు. పైగా పిల్లల స్వభావాన్ని నిర్ణయించినదీ, ఎడబాటును లెక్కగట్టినదీ బౌల్బీయే. గుమాస్తాగిరీలో తల నెరిసిన మాకు ఇది వింతగా తోస్తుంది. బిల్లు రాసినవాడే ఆడిట్ కూడా చేస్తే ఏ ఖజానా కార్యాలయం ఒప్పుకుంటుంది?

అయినా ఆ పరిశోధనను తోసిపుచ్చమని మేము అనడం లేదు. ఎడబాటు పసిమనసును గాయపరుస్తుందన్నది నిజమే. మరి ఎడబాపుతున్నదెవరు? 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2019 జైలు గణాంకాలలో శిక్షపడినవారిలో 16.6 శాతం, విచారణ ఖైదీలలో 18.7 శాతం. నేరం రుజువు కాకముందే లోపల మగ్గుతున్నవారిలోనే మన వాటా ఎక్కువ! ఇక తల్లే ఖైదీ అయితే, ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 2006 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం బిడ్డ ఆరేళ్లు వచ్చేవరకే ఆమె వద్ద ఉండవచ్చు. ఆపైన బంధువుల ఇల్లో, సంరక్షణ గృహమో. ఈ ఎడబాటును ఏ తల్లి కోరుకుంది?

మన పెద్దలకూ ఒక మాట. కుర్రవాడు పోలీసు స్టేషను మెట్లెక్కగానే "ఇంట్లో తర్బియత్ లేదు" అని తల్లిని నిందించి చేతులు దులుపుకుంటున్నాము. మేమూ ఒకప్పుడు ఆ మాట అన్నవారమే. ఫ్రాయిడ్ పేరు వినకుండానే ఫ్రాయిడ్ శిష్యులమయ్యాము.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఎన్నడూ శిక్షపడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైలులో గడిపితే బాండుపై విడుదలకు అర్హుడు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. ముందు వరుసలోని ఆ తల్లికి ఈ సంగతి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

వచ్చే సమావేశానికి ఆ వక్తనే మళ్లీ పిలుస్తున్నాము. ఆయన పక్కన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాదికీ కుర్చీ వేస్తాము. తల్లులను ఈసారి కేసు కాగితాలు వెంట తెచ్చుకోమన్నాము.