సంతకం ఒక్కటే సమ్మతి కాదు

ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రివారు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటారు. అది ఇంగ్లీషులోనో, కన్నడంలోనో, తమిళంలోనో ఉంటుంది. తరతరాలుగా ఇక్కడే బ్రతుకుతున్నా ఆ అక్షరాలు రాని మన పెద్దలు వేలిముద్ర వేసి లోపలికి వెళ్తారు.

సమీరా కోహ్లీ కేసులో పరీక్ష కోసం మత్తు ఇచ్చిన రోగికి గర్భసంచి తీసేశారు. తల్లి ఒప్పుకున్నా అది రోగి సమ్మతి కాదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. చికిత్స ఏమిటి, ప్రమాదమెంత, వేరే మార్గముందా, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి ముందే తెలపాలి. అర్థం కాని భాషలో చెబితే తెలిపినట్టేనా?

కొందరి దగ్గర డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిలో ఉచిత రోగికి కూడా వినియోగదారుడి హక్కు ఉందని అదే కోర్టు 1995లోనే చెప్పింది. మన మిషన్ ఆసుపత్రులూ దీన్ని మరువకూడదు. దయ చూపాం గనుక జవాబు చెప్పనక్కర్లేదనడం న్యాయం కాదు. మంచి సమరయుడు గాయాలు కట్టడంతో ఆగలేదు, పూటకూళ్లవాని దగ్గర పూచీ కూడా పడ్డాడు.

యౌవనులారా, సంఘంలో ఎవరు ఆసుపత్రికి వెళ్లినా మీలో ఒకరు తోడు వెళ్లండి. కాగితాన్ని తెలుగులో చెప్పించండి. వేలిముద్ర ఆ తర్వాతే.