ఇంటివాళ్ళకు ఒక న్యాయం, జీతగాళ్ళకు ఒక న్యాయమా?

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. ఈ సామెత మన పెద్ద కంపెనీలకు ఎప్పుడు గుర్తొస్తుందో తెలుసా? ఇద్దరు ఉద్యోగులు కలిసి ఒక పెద్ద పదవి మోస్తామన్నప్పుడు.

కంపెనీ రోజువారీ నడక చూసే మనిషిని చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్, పొట్టిగా సీఓఓ అంటారు. సరుకు వచ్చిందా, ఫ్యాక్టరీ తిరుగుతోందా, మనుషులు సరిపోయారా, అన్నీ ఆయన నెత్తినే. ఆ కుర్చీలో ఎక్కువగా కనబడేది మగవాళ్ళే కాబట్టి "ఆయన" అన్నాను. ఆ ఉద్యోగం వారంలో మూడు రోజులు ఒకరు, మూడు రోజులు ఇంకొకరు చేస్తే ఏం అని అడిగి చూడండి. బాధ్యతను ముక్కలు చెయ్యడం కుదరదంటారు.

ఎందుకు కుదరదు? మన గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీలో అల్లుడు జి.వి. ప్రసాద్ గారు సీఈఓగా, కొడుకు సతీష్‌రెడ్డి గారు ఎండీ, సీఓఓగా ఏళ్ళ తరబడి పని చేశారు. 2013లో పెద్దాయన పోయాక కూడా ఇద్దరూ కలిసే నడిపారు. ఒర పగల్లేదు. చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వచ్చిన ప్రతాప్ సి. రెడ్డి గారి అపోలోలో నలుగురు కూతుళ్ళూ పై పదవులు పంచుకున్నారు.

నిజమే, వాళ్ళవి వేర్వేరు పదవులు, పూర్తికాలం పని. కానీ పై పెత్తనాన్ని విడదియ్యలేమన్న మాట అబద్ధమని తేలిందిగా! ఇంటివాళ్ళు పంచుకుంటే సఖ్యత. జీతగాళ్ళు అడిగితే బాధ్యత లేకపోవడం. నా గొడవంతా ఇక్కడే.

చట్టం అడ్డమా అంటే అదీ లేదు. 2013 కంపెనీల చట్టం 203వ సెక్షన్ లిస్టెడ్ కంపెనీల్లో పూర్తికాలం ఉండి తీరాలన్న పదవుల్లో ఎండీ లేదా సీఈఓ, కంపెనీ సెక్రటరీ, సీఎఫ్ఓ ఉన్నాయి. సీఓఓ లేదు.

అమెరికాలో గోల్డ్‌మన్ శాక్స్ కథ చూడమంటారు కొందరు. 2016 చివర్లో డేవిడ్ సాలమన్, హార్వీ ష్వార్ట్జ్ ఇద్దరినీ కలిపి సీఓఓలుగా వేశారు. 2018లో ష్వార్ట్జ్ వెళ్ళిపోయారు, సాలమన్ సీఈఓ అయ్యారు. అది పంచుకోవడం కాదండీ, పందెం. పైన ఒకే కుర్చీ చూపించి ఇద్దర్ని పరిగెత్తిస్తే ఒకరు ఓడిపోక ఏం చేస్తారు?

పంచుకోవడం అంటే ఏమిటో మన మిరప కల్లాల దగ్గర చూడొచ్చు. కాయ ఆరబోశాక ఒకరు తాలు ఏరతారు, ఒకరు రాత్రి కాపలా పడుకుంటారు. మబ్బు పడితే పట్టా ఎవరు కప్పాలో ముందే అనుకుంటారు. అనుకోకపోతే "నువ్వు కప్పావనుకున్నా" అంటే "నువ్వు కప్పావనుకున్నా" అని ఇద్దరూ అంటారు, ఏడాది పంట తడుస్తుంది. చిక్కంతా మాట ముందు అనుకోకపోవడంలోనే ఉంది, మనుషులు ఇద్దరవడంలో లేదు.

ఇదంతా ఇల్లు చూసుకునే మనకెందుకు అంటారా? మనకే కావాలి. మన ఊళ్ళ నుంచి ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్ వెళ్ళిన పిల్లలు టీం లీడర్లయ్యేసరికి ముప్పై దాటుతుంది. చంకలో బిడ్డ, ఊళ్ళో మంచాన పడ్డ అత్తగారు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, సంతోషం. బిడ్డ 26 వారాల్లో పెరిగిపోతుందా? మొత్తం ఉద్యోగం చెయ్యి, లేదా మొత్తం మానెయ్యి అంటే ఆడపిల్లే మానేస్తుంది. మొగుణ్ణి సగం మానమని ఎవరూ అడగరు. పై పదవి పంచుకోవచ్చని తేలితే కింది పదవులకు అడ్డు చెప్పే నోరు ఎవరికీ ఉండదు. అప్పుడు తండ్రి కూడా సగం రోజులు ఇంట్లో ఉండొచ్చు.

కంపెనీల వాళ్ళకు ఒకటే మాట. ఇద్దరు కలిసి ఒకే అప్లికేషన్ పెడితే పక్కన పడెయ్యకండి. పిలిచి, మబ్బు పడితే పట్టా ఎవరు కప్పుతారో అడగండి. జవాబు లేకపోతే అప్పుడు పంపించెయ్యండి.