మధ్యలో ఉన్న ఇల్లు ఏది?

పోయిన సెమిస్టర్ స్టాటిస్టిక్స్ మినీ ప్రాజెక్టుకి మా టీమ్ ఒక ఈజీ టాపిక్ ఎంచుకుంది. యాచారం మండలంలో మీడియన్ కుటుంబ ఆదాయం పదేళ్లలో ఎంత మారింది? అది మా మండలమే. డేటా డౌన్‌లోడ్ చేసి, పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి, గ్రాఫ్ గీసేస్తే అయిపోతుందనుకున్నాం. రెండు వారాలు వెతికినా ఆ కాలమ్ మాకు ఎక్కడా దొరకలేదు.

దొరికింది జిల్లా తలసరి ఆదాయం. అందులో మా రంగారెడ్డి తెలంగాణలోనే టాప్. "అయితే మీరు రిచ్ అన్నమాట" అని ఫ్రెండ్స్ ఏడిపించారు కూడా. కానీ ఆ లెక్క ఎలా వస్తుందో చూడండి. జిల్లాలో జరిగిన మొత్తం ఉత్పత్తి విలువ నుంచి లెక్క కట్టి, దాన్ని జనాభాతో భాగిస్తారు. గచ్చిబౌలి కూడా రంగారెడ్డి జిల్లానే. అక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీల సంపాదనలో మా ఊరి పత్తి రైతుకీ కాగితం మీద వాటా పడుతుంది. చేతిలో మాత్రం పడదు.

మీడియన్‌ని తెలుగు మీడియంలో చదివిన నా రూమ్మేట్ "మధ్యగతం" అంటుంది. నాకు ఆ మాటే నచ్చింది. ఒక వీధిలో ఐదు ఇళ్లు, నెలకి 8, 10, 12, 15, 75 వేలు వస్తాయనుకోండి. సగటు 24 వేలు. నాలుగు ఇళ్లకి అంత రానే రాదు. మధ్యగతం 12 వేలు. ఐదో ఇంటి ఆదాయం రేపు రెట్టింపైతే సగటు 39 వేలకి ఎగబాకుతుంది, మధ్యగతం కదలదు. వీధి బాగుపడిందా లేదా అనేది మధ్యగతమే నిజంగా చెబుతుంది.

మరి మన దగ్గర ఉన్నదేంటి? జనగణనలో ఆదాయం అడగరు. టీవీ ఉందా, బండి ఉందా అని అడుగుతారు. వాటితో అంచనా వేయొచ్చు కానీ, ఒకప్పుడు ఫోన్ ఉంటే కాస్త ఉన్నోళ్లు, ఇప్పుడు ఫోన్ లేని ఇల్లే తక్కువ. కొలబద్దే మారిపోతే పదేళ్ల తేడా ఎలా కొలుస్తాం? 2011 సామాజిక ఆర్థిక కులగణనలో ఊళ్లలో ఆదాయం అడిగారు. అదీ ఇంట్లో ఎక్కువ సంపాదించే ఒక్కరిది, మూడే స్లాబుల్లో: 5 వేల లోపు, 5 నుంచి 10 వేలు, ఆపైన. దేశంలో దాదాపు 75 శాతం గ్రామీణ కుటుంబాలు మొదటి స్లాబులోనే పడ్డాయి. అంటే మధ్యగతం 5 వేల లోపు ఎక్కడో ఉంది. ఎక్కడో మాత్రం ఆ డేటా చెప్పదు.

నాబార్డ్ సర్వేలో గ్రామీణ కుటుంబాల నెల ఆదాయం 2016-17లో 8,059 రూపాయలు, 2021-22లో 12,698. బాగానే పెరిగినట్టు ఉంది కదా? కానీ అది సగటు. దేశం మొత్తానిది. పైగా ఆ ఐదేళ్లలో ధరలూ పెరిగాయి.

"ఆదాయం అడిగితే ఎవరు నిజం చెప్తారు?" అంటారు చాలామంది. ఆ అనుమానం ఊరికే రాలేదు. 1960ల్లో జాతీయ శాంపిల్ సర్వే వాళ్లు ప్రయత్నిస్తే, చెప్పిన ఆదాయం ఖర్చు, పొదుపు కలిపిన మొత్తం కంటే తక్కువ తేలింది. నేను మా ఇంట్లోనే ట్రై చేశాను. "నాన్నా, మనకి ఏడాదికి ఎంత వస్తది?" అంటే, "ఏమొస్తది బిడ్డా, ఖర్చులు పోంగ ఏం మిగుల్తది?" అన్నాడు. తర్వాత పత్తి ఎంత, పాలు ఎంత, అమ్మ మిషన్ కుట్టేది ఎంత, అన్న పంపేది ఎంత అని విడివిడిగా అడిగాను. మొత్తం చూసి నాన్నే ఆశ్చర్యపోయాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నే సరిగ్గా లేదు.

ఇదంతా మార్కుల కోసం కాదు. మనలో చాలామంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నాం. తెలంగాణలో బీసీలకి ఊళ్లో అయితే లక్షన్నర, పట్నంలో అయితే 2 లక్షల పరిమితి. ఈడబ్ల్యూఎస్ పరిమితి 2019లో పెట్టిన 8 లక్షలే. ధరలు పెరిగినా గీత కదలకపోతే, ఏమీ బాగుపడని కుటుంబం కూడా గీత దాటేస్తుంది. ఆ గీత మధ్య ఇంటికి పైన ఉందా, కింద ఉందా అనేది తెలియకుండానే మన సీట్లు, ఫీజులు తేలిపోతున్నాయి.

2026లో దేశవ్యాప్త గృహ ఆదాయ సర్వే చేస్తామని కేంద్రం ప్రకటించింది. మంచిదే. కానీ ఒక్కసారి చేసి వదిలేస్తే ఫొటో అవుతుంది, వీడియో కాదు. ఐదేళ్లకోసారైనా అవే ప్రశ్నలతో చేయాలి. మండలానికి శాంపిల్ సరిపోకపోతే అమెరికాలో చిన్న ప్రాంతాలకి చేసినట్టు ఐదేళ్ల సర్వే డేటా కలిపి, పొరపాటు ఎంత ఉండొచ్చో పక్కనే రాసి మధ్యగతం ఇవ్వొచ్చు. ఇంకో జాగ్రత్త: ఊళ్ల మధ్యగతాల సగటు తీస్తే మండల మధ్యగతం రాదు. మా టీమ్ ఆ తప్పు కూడా చేసింది.

చివరికి మా గ్రాఫ్‌లో మండలం గీత ఖాళీగానే సబ్మిట్ చేశాం. తలసరి ఆదాయం గీసి "మీడియన్" అని లేబుల్ పెడితే మార్కులు ఎక్కువే వచ్చేవేమో. రేపు మనమే ఎవరికో డ్యాష్‌బోర్డులు తయారు చేస్తాం. సగటు చూపించమంటే, మధ్యలో ఉన్న ఇల్లు ఏదని ఒక్కసారి అడుగుదాం. అది మన ఇల్లే అయ్యుండొచ్చు.