ఓడలో పంక్తిభేదం

విహారనౌకల మీద భోజనం సన్నగిల్లిందనీ, మర్యాద తగ్గిందనీ ఈమధ్య మన సంఘంలో నలుగురు చేరిన చోటల్లా వినబడుతున్నది. అమెరికాలో కొడుకుల దగ్గరికి పోయి, కరేబియన్ సముద్రంలో వారం రోజులు తిరిగి వచ్చిన పెద్దలు మనలో వున్నారు. ముంబయిలో ఓడ ఎక్కి గోవాకో, లక్షద్వీపాలకో పోయి వచ్చిన దంపతులూ వున్నారు. చాలా కాలం కిందట వెళ్లినవారూ, నిరుడు వెళ్లినవారూ ఒకచోట కూర్చున్నారంటే తగవు తప్పదు. "అప్పటి వడ్డన వేరు నాయనా! ఇప్పుడు పలకరించే దిక్కు లేదు" అని పెద్దాయన అంటారు. "మాకేం లోటు జరగలేదే!" అని కుర్రవాళ్లు అంటారు.

ఇది ఊసుపోక చెప్పుకునే సంగతి అనుకోవద్దు. మన పాఠకులలో కొందరు ఉద్యోగ విరమణప్పుడు చేతికి వచ్చిన సొమ్ములోంచి పెద్ద మొత్తం తీసి ఇటువంటి యాత్రకు పెట్టబోతున్నారు. మళ్లీ మళ్లీ వెళ్లేది కాదు. అంచేత ఎవరి మాటలో ఎంత నిజమున్నదో కాస్త లెక్క కట్టి చూడడం మంచిది.

అసలు ఓడ ప్రయాణం మనవాళ్లకు కొత్తది కాదు. కోరంగి, యానాం, కాకినాడ పక్కల నుంచి రంగూను పోయి బతికిన కుటుంబాలు ఎన్నో. ఆ రోజులలో డెక్కు మీద చాప పరుచుకునే చోటు దొరికితే అదే పదివేలు. మద్రాసు నుంచి సింగపూరుకు నడిచిన చిదంబరం ఓడ 1985 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదానికి గురైనదాకా మన ప్రాంతాలవారు దానిలో రాకపోకలు సాగించారు. ఆ ఓడలు అవతలి ఒడ్డుకు చేర్చడానికి వున్నవి. తిండి బాగుందా లేదా అన్నది తరువాతి మాట.

విహారనౌక సంగతి వేరు. అట్లాంటిక్ మహాసముద్రం మీద 1958లో జెట్ విమానాలు ప్రయాణికులను మోయడం మొదలుపెట్టాక పెద్ద పెద్ద ఓడలకు బేరం పడిపోయింది. ఏడు గంటలలో దాటగలిగినదానికి అయిదు రోజులు ఎవరు కూర్చుంటారు? అప్పుడు కొందరు వ్యాపారస్థులు దారి మార్చారు. 1966లో మయామీ రేవు నుంచి నార్వీజియన్ కంపెనీ, 1968లో రాయల్ కరేబియన్, 1972లో కార్నివాల్ పుట్టుకొచ్చాయి. వీటికి చేరవలసిన ఊరు లేదు. బయలుదేరిన రేవుకే తిరిగి వస్తాయి. ఓడే ఊరు, ఓడే విడిది. అటువంటప్పుడు భోజనమూ వడ్డనా కాక కంపెనీవారు అమ్మే సరుకేమున్నది? అందుకే వాటిలో లోటు వస్తే ప్రయాణికుడికి అంత కష్టం తోస్తుంది.

పెద్దవారు తలుచుకునే పాత మర్యాద ఏమిటంటే, రాత్రి భోజనానికి ప్రతివారికీ ఒక బల్ల, ఒక వేళ కేటాయించేవారు. వారమంతా వడ్డించేవాడు ఒక్కడే. రెండో రోజుకు పేరు తెలిసిపోయేది. మూడో రోజుకు మీకు కారం పడదనీ, మీ ఆవిడ మాంసం ముట్టదనీ గుర్తుపెట్టుకునేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గది సర్ది, తలగడ మీద చాక్లెట్టు పెట్టి పోయేవారు. అర్ధరాత్రి మంచు దిమ్మలను హంసలుగా చెక్కి, వాటి చుట్టూ ఫలహారాలు పేర్చి విందు చేసేవారు. ఇవన్నీ టిక్కెట్టులోనివే.

ఇప్పుడేమైందో వరుసగా చూద్దాము. 2000 సంవత్సరంలో నార్వీజియన్ కంపెనీ బల్లా వేళా నిర్ణయించే పద్ధతి తీసివేసి, ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వారు ఇష్టమైన చోట తినే ఏర్పాటు తెచ్చింది. మిగతావారూ కొంత కొంతగా ఆ దారి పట్టారు. స్వేచ్ఛ పెరిగింది గాని, వడ్డించేవాడికీ తినేవాడికీ పరిచయం పోయింది. అర్ధరాత్రి విందు చాలా ఓడలలో కనుమరుగైపోయింది. 2022, 2023 సంవత్సరాలలో నార్వీజియన్, రాయల్ కరేబియన్ కంపెనీలు మామూలు గదులను రోజుకు రెండుసార్లు సర్దడం మాని ఒక్కసారికి దించాయి. కార్నివాల్‌వారు 2022లో, పెద్ద భోజనశాలలో మూడో ప్రధాన వంటకం అడిగినవారి దగ్గర అయిదు డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టారు. కాబట్టి పెద్దాయన మాట వట్టి చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు.

ఐతే పనివారిని తగ్గించివేశారా? ఇక్కడ నా గుమాస్తా బుద్ధి ఊరుకోక చిన్న లెక్క వేశాను. 1990లో రాయల్ కరేబియన్‌వారు నార్డిక్ ఎంప్రెస్ అనే ఓడ కట్టించారు. గదికి ఇద్దరు చొప్పున సుమారు 1600 మంది ప్రయాణికులు, సుమారు 670 మంది సిబ్బంది. అదే కంపెనీ 2024 జనవరిలో ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడ దింపింది. గదికి ఇద్దరి లెక్కన 5610 మంది ప్రయాణికులు, 2350 మంది సిబ్బంది. రెండింటినీ భాగించి చూడండి. అప్పుడూ ఒక ఉద్యోగికి రెండుంబావు మందికి పైన, రెండున్నర లోపు. ఇప్పుడూ అంతే. తలల లెక్కలో తేడా లేదు!

మరి చేతులు ఎక్కడికి పోయాయి? ఆ కొత్త ఓడలో ఇరవై అంతస్తులు, ఏడు ఈత కొలనులు, ఆరు నీటి జారుడు బల్లలు, ఇరవైకి పైగా తిండి పానీయాల తావులు వున్నాయి. వెనుక ఒకే పెద్ద భోజనశాలలో వున్న చేతులు ఇప్పుడు ఇన్ని చోట్లకు పంచుకుపోయాయి. పైగా గదులలో పిల్లలను కూడా చేర్చి అన్ని పడకలూ నిండితే 7600 మంది ఎక్కగలరు. అప్పుడు ఒక్కొక్క ఉద్యోగికి మూడుకు పైబడుతుంది. బడి సెలవులలో వెళ్లినవారు ఒక తీరుగా, మామూలు రోజులలో వెళ్లినవారు మరొక తీరుగా చెప్పడానికి ఇదొక కారణం.

ఇక జమాఖర్చుల సంగతి. ఈ కంపెనీలకు టిక్కెట్టు మీద వచ్చేదొక ఎత్తు. ఎక్కిన తరువాత సారాయి, జూదం, ఒడ్డు మీద విహారాలు, డబ్బు పుచ్చుకునే హోటళ్లు మొదలైన వాటి మీద వచ్చేది మరొక ఎత్తు. కార్నివాల్ సంస్థ ఆదాయంలో సుమారు మూడోవంతు ఇలా టిక్కెట్టుకు బయట వచ్చేదే. టిక్కెట్టు చవకగా కనిపించాలి. లేకపోతే పక్క కంపెనీకి పోతారు. దానిమీద 2020 మార్చిలో కోవిడ్ వచ్చి ఓడలన్నీ నిలిచిపోయాయి. అమెరికాలో సంవత్సరానికి పైగా కదలలేదు. ఆ కాలంలో అప్పు తెచ్చి బతికిన కార్నివాల్ సంస్థకు మూడు వేల కోట్ల డాలర్లకు పైగా రుణం పేరుకున్నది. అప్పుల ఇంట్లో వడ్డన ఎలా వుంటుందో మన కుటుంబాలకు వేరే చెప్పాలా? నెయ్యి ముందు తగ్గుతుంది.

నన్ను అడిగితే, నెయ్యి తగ్గడం అసలు లోపం కాదు. పంక్తిభేదం వచ్చింది, అదీ సంగతి. వెనుకటి అట్లాంటిక్ ఓడలలో మొదటి తరగతి, రెండవ తరగతి, మూడవ తరగతి అని వుండేవి. ఒక తరగతివారు తినే గదిలోకి మరొకరు తొంగి చూడరాదు. మయామీ విహారనౌకలు ఆ గోడలు తీసివేశాయి. చిన్న గది తీసుకున్నవాడూ పెద్ద గది తీసుకున్నవాడూ ఒకే శాలలో ఒకే వంట తిన్నారు. మన పెళ్లిళ్లలో బంతికి కూర్చుంటే ఒకే గరిటె అందరి విస్తళ్ల మీదుగా పోయినట్టు. అందుకే మధ్యతరగతివారికి ఆ ఓడ నచ్చింది. ఇప్పుడు గోడలు మళ్లీ లేచాయి. ఎం.ఎస్.సి. కంపెనీ 2008లో యాట్ క్లబ్బు అని, ఎక్కువ సొమ్ము ఇచ్చినవారికి వేరే భోజనశాల, వేరే కొలను పెట్టింది. నార్వీజియన్‌వారు హేవెన్ అని పెట్టారు. మంచి వంటవాడు ఓడలోనే వున్నాడు, మంచి చేప కూడా ఓడలోనే వున్నది. అవి పక్క గదిలోకి మారాయి, అంతే. ఆ గదిలో తిన్నవాడు "దివ్యంగా వుంది" అంటాడు. బయట తిన్నవాడు "పడిపోయింది" అంటాడు. ఇద్దరూ అబద్ధమాడడం లేదు.

మన కుటుంబాలలో ఒక కుర్రవాడు హోటలు చదువు చదివి ఇటువంటి ఓడలో వడ్డన పనిలో వున్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు ఇదే అడిగాను. "వడ్డించే చెయ్యి అదే అన్నయ్యా. విస్తళ్లు పెరిగాయి. నవ్వుతూ నిలబడి మాట్లాడుదామంటే అవతల బల్ల పిలుస్తున్నది" అన్నాడు. నాకా మాట మనసులో నాటుకున్నది. సముద్రం మీది పనివారి కోసం 2006లో చేసుకుని, 2013 ఆగస్టు నుంచి అమలుకు వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారమే చూసినా, రోజుకు పధ్నాలుగు గంటలు, వారానికి డెబ్భయిరెండు గంటల దాకా పని చేయించవచ్చు. ఆరు నుంచి తొమ్మిది నెలలు ఆదివారమనేది లేకుండా పనిచేసే పిల్లలు వీరు. 2020 ఫిబ్రవరిలో జపాను రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడను కోవిడ్ మూలంగా ఆపినప్పుడు దానిలో 138 మంది భారతీయులు వుంటే, వారిలో 132 మంది సిబ్బందే. గదులలో బందీలైన ప్రయాణికులకు భోజనం అందించినవారు ఆ సిబ్బందే. "మర్యాద తగ్గింది" అని మనం అన్నప్పుడు ఎవరి ముఖం మీద అంటున్నామో కాస్త చూసుకోవాలి. గది సర్దే వేళలు తగ్గించినవాడు చీపురు పట్టినవాడు కాదు.

మంచి జరిగినదీ చెప్పుకోవాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖవారు 1975 నుంచి తమ రేవులకు వచ్చే విహారనౌకల వంటశాలలను చెప్పకుండా పోయి తనిఖీ చేసే పద్ధతి పెట్టారు. నూటికి మార్కులు వేస్తారు. ఎనభయ్యయిదు, అంతకు లోపు వస్తే తప్పినట్టే. ఆ మార్కులు ఎవరైనా చూడవచ్చు. శాకాహారులకూ వెనుకటంత అవస్థ లేదు. ఇందాక చెప్పిన నార్డిక్ ఎంప్రెస్ ఓడే పేరు మార్చుకుని, 2021లో కొర్డీలియా కంపెనీ కింద ముంబయి నుంచి తిరగడం మొదలుపెట్టింది. 2022లో విశాఖ రేవుకు కూడా వచ్చింది. దానిలో జైనుల వంట కూడా దొరుకుతుంది. అమెరికా ఓడలలో సైతం అడిగితే పప్పూ కూరా వండిపెట్టేవారు చాలామంది, వంటశాలలో మనవాళ్లు వుండడమే అందుకు కారణం.

కనుక వెళ్లదలచినవారికి నా సలహా ఇది. టిక్కెట్టు ధర ఒక్కటే చూసి సొమ్ము కట్టవద్దు. రేవు పన్నులెంత, రోజువారీ సేవా రుసుము ఎంత అని ముందే అడగండి. అమెరికా ఓడలలో ఈ రుసుము మనిషికి రోజుకు పదహారు డాలర్లు, అంతకు పైన వుంటుంది. ఇద్దరు వారం తిరిగితే రెండు వందల డాలర్లు దాటిపోతుంది. అది సిబ్బందికి చేరే సొమ్ము. మిగులుద్దామని కౌంటరు దగ్గర కొట్టివేయించుకోవద్దు. ఏ భోజనశాలలు టిక్కెట్టులో చేరినవో కాగితం మీద రాయించుకోండి. బల్లా వేళా నిర్ణయించే పాత పద్ధతి ఇంకా కొన్ని ఓడలలో వున్నది, దానినే కోరుకోండి. వడ్డించేవాడితో పరిచయం దొరికేది అక్కడే. బడి సెలవులు తప్పించండి. పెద్దవారికి మందూ పథ్యమూ వుంటే టిక్కెట్టు కొన్నప్పుడే రాసి పంపండి. ఓడ ఎక్కాక చెబితే, వేల మందికి వండే వంటశాలలో ఆ మాట చేరేసరికి రెండు పూటలు గడిచిపోతాయి.

ఇంత చూసుకుని వెళ్లినవారికి సముద్రం మీద సూర్యోదయం చూడడంలో ఏ లోటూ వుండదు. దానికి మాత్రం ఇంకా ఎవరూ వేరే టిక్కెట్టు పెట్టలేదు. వెళ్లి వచ్చిన పెద్దలు తాము కట్టినదెంతో, టిక్కెట్టులో చేరినదేమిటో, ఏ నెలలో వెళ్లారో మూడు ముక్కలు రాసి సంఘానికి పంపితే, తరువాత వెళ్లేవారికి మా బోటివారి లెక్కలకన్న ఎక్కువ ఉపకారం చేసినవారవుతారు.