ట్రంకుపెట్టె నుంచి స్పోర్ట్స్ కారు దాకా...



వార్షికోత్సవ సంచికకు వ్యాసం అడిగితే మనం సాధారణంగా మెస్ గురించి, స్కాలర్‌షిప్ గురించి, మహనీయుల ఆశయాల గురించి రాస్తాం. అవి రాయాల్సినవే. కానీ ఈసారి మేము ఒక ఇనుప కడ్డీ గురించి రాస్తున్నాం. కొన్ని స్పోర్ట్స్ కార్ల బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా బిగించిన కడ్డీ ఒకటి కనిపిస్తుంది. దాన్ని స్ట్రట్ బ్రేస్ అంటారు. “హాస్టల్ పిల్లలకు స్పోర్ట్స్ కారు ముచ్చట ఎందుకయ్యా?” అని నవ్వేవాళ్ళు ఉంటారు. ఆ నవ్వుకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

మేము గోల్నాకలో ఉంటూ, అంబర్‌పేట మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు వెళ్ళి చదువుకుంటున్న ఇంజనీరింగ్ పీజీ విద్యార్థులం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. మా నాన్నల్లో, బాబాయిల్లో వెల్డింగ్ చేసేవాళ్ళున్నారు, డెంటింగ్ పని చేసేవాళ్ళున్నారు, ఆటో నడిపేవాళ్ళున్నారు. బండి మాకు కొత్త కాదు. బండి గురించి లెక్క కట్టే అవకాశమే కొత్త.

ముందు ఈ కడ్డీ చేసే పనేమిటో చూద్దాం. దానికి కారు అక్కరలేదు, మన ట్రంకుపెట్టె చాలు. పెట్టె ఖాళీ చేసి, మూత తెరిచి, ఎదురెదురు మూలలు పట్టుకుని మెలితిప్పండి. రేకు కరకరలాడుతూ వంకరపోతుంది. ఇప్పుడు మూత వేసి, గొళ్ళెం గట్టిగా బిగించి మళ్ళీ మెలితిప్పండి. అంత సులువుగా లొంగదు. రేకు మందం పెరగలేదు, బరువు పెరగలేదు. తెరిచి ఉన్న పెట్టె మూసిన పెట్టె అయింది, అంతే. ఇలా మెలితిరగకుండా నిలబడే గుణాన్నే మా పుస్తకాల్లో టార్షనల్ స్టిఫ్‌నెస్ అంటారు.

లారీకి, పాత జీపుకు నిచ్చెనలాంటి ఛాసిస్ వేరుగా ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి అలా ఉండదు. రేకులు వంచి, అతికి చేసిన బాడీయే ఛాసిస్. మనుషులు కూర్చునే భాగానికి పైన కప్పు, కింద ఫ్లోరు, పక్కన స్తంభాలు ఉంటాయి కాబట్టి అది మూసిన ట్రంకుపెట్టె లాంటిది. ఇంజన్ ఉండే ముందు భాగం మాత్రం మూత తెరిచిన పెట్టె. బానెట్ ఉంది కదా అంటారేమో! అది కీళ్ళ మీద లేచే మూతే కానీ బరువు మోసే భాగం కాదు.

ఆ తెరిచిన పెట్టెకు రెండు పక్కలా రెండు చిన్న గోపురాలుంటాయి. వాటిని స్ట్రట్ టవర్లు అంటారు. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరుతో వచ్చిన సస్పెన్షన్‌లో స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఒకే నిలువు కాలుగా ఉంటాయి. ఆ కాలి పై కొసను ఈ టవర్‌కే బిగిస్తారు. 1983 డిసెంబరులో మన రోడ్ల మీదకు వచ్చిన మారుతి 800 ముందు చక్రాలకూ ఇదే పద్ధతి. అంటే ఇది కోటీశ్వరుల కార్ల రహస్యమేమీ కాదు.

ఇక లెక్క చూద్దాం. 1000 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపు తిరిగితే దాన్ని పక్కకు లాగే బలం సుమారు 5,500 న్యూటన్లు. అంటే దాదాపు 560 కిలోల బరువుతో సమానం. అందులో ఎక్కువ భాగం కింది ఆర్మ్ ద్వారా పోయినా కొంత స్ట్రట్ పై కొసకు చేరి టవర్‌ను నెడుతుంది. స్ట్రట్ ఎత్తు 600 మిల్లీమీటర్లు అనుకుంటే, టవర్ 2 మిల్లీమీటర్లు జరిగినా చక్రం సుమారు 0.2 డిగ్రీలు వాలుతుంది. మామూలుగా తిరిగే కారులో ఇది ఎవరికీ తెలియదు. రేసు కారుకు అదే తేడా. టైరు రోడ్డును పట్టుకునే తీరు మారుతుంది. పైగా లొంగే బాడీ అంటే షాకబ్జర్ లేని మరో స్ప్రింగు అన్నమాట. దాని ఊపును ఆపేవాడు లేడు.

రెండు టవర్లనూ కలుపుతూ ఒక కడ్డీ బిగిస్తే ఒకదాని మీద పడ్డ బలాన్ని రెండోది పంచుకుంటుంది. 25 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న మీటరు పొడవు ఉక్కు పైపు తీసుకోండి. బరువు కిలోకు కొంచెం ఎక్కువ. 2,000 న్యూటన్లతో లాగినా అది సాగేది 0.07 మిల్లీమీటరు మాత్రమే. కిలో ఇనుము, రెండు ప్లేట్లు, ఆరు బోల్టులు. ఇంతే సామాను.

అయితే ఇక్కడే మోసం కూడా ఉంది. ఇంజన్‌కు తగులుతుందని కడ్డీని మధ్యలో వంచితే అది లాగినప్పుడు సాగదు, వంగుతుంది. వంగే కడ్డీ సగం స్ప్రింగే. తళతళలాడే అల్యూమినియం కడ్డీ చూడ్డానికి బాగుంటుంది, కానీ అల్యూమినియం గట్టిదనం ఉక్కులో మూడో వంతే. అంత పని చేయాలంటే మూడింతల లోహం కావాలి. కొసల దగ్గర బోల్టు ఒక వెంట్రుకవాసి వదులుగా ఉన్నా మనం వేసిన లెక్కంతా ఆ సందులోనే పోతుంది. టవర్ రేకు తుప్పు పట్టి ఉంటే ఎంత మంచి కడ్డీ వేసినా బోల్టులు రేకును చీల్చుకుని వస్తాయి. ఒక పక్క గట్టిగా గుద్దుకుంటే ఆ దెబ్బను కడ్డీ రెండో పక్కకూ మోసుకుపోవచ్చు.

ఇంకో మాట. నాలుగు పుల్లలతో చతురస్రం కట్టి మూల పట్టుకుని నెడితే అది వాలిపోతుంది. మూల నుంచి మూలకు ఐదో పుల్ల కడితే నిలబడుతుంది. రూములో పుస్తకాల ఇనుప ర్యాకు వెనుక ఐమూలగా పట్టీ వేసేది అందుకే. రెండు టవర్ల మధ్య తిన్నటి కడ్డీ ఆ టవర్లు దగ్గర కాకుండా, దూరం కాకుండా ఆపుతుంది కానీ మొత్తం కారు మెలితిరగడాన్ని ఆపలేదు. దానికి టవర్ల నుంచి వెనుక గోడకు కూడా కలిపి త్రిభుజం కట్టాలి. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ కార్లకు ఇలా పైనుంచి బిగించిన కడ్డీ అక్కరలేదు. వాటి కార్బన్ ఫైబర్ తొట్టెనే మొదటి నుంచీ మూసిన పెట్టెలా కట్టారు. పునాదిలో లేని గట్టిదనాన్ని పైనుంచి కొంతవరకు తెచ్చే మందు స్ట్రట్ బ్రేస్. మందు అవసరమా, ఎంత మోతాదు అనేది కొలిస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. తార్నాక రోడ్డు మీద రాత్రిపూట పెద్ద శబ్దంతో దూసుకుపోయే మార్చిన కార్లను మనం చూస్తూనే ఉంటాం. బానెట్ కింద రంగు కడ్డీ వేసుకుని “కారు గట్టిపడింది” అనుకునేవాళ్ళున్నారు. గట్టిపడక ముందు ఎంత, పడ్డాక ఎంత అని అడిగితే చెప్పేవారు అరుదు. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52ను వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. కాబట్టి రోడ్డు మీద తిరిగే కారులో ఇలాంటి ప్రయోగాలు చేయమని మేము ఎవరికీ చెప్పడం లేదు.

మేము చెప్పేది వర్క్‌షాపులో చేయాల్సిన పని. తుక్కుకు వచ్చిన ఒక కారు బాడీని తెచ్చి వెనుక భాగాన్ని కదలకుండా బిగించాలి. ముందు భాగానికి అడ్డంగా ఒక దూలం కట్టి, మధ్యలో ఆనించి, ఒక పక్క మీటరు దూరంలో 50 కిలోల బరువు వేలాడదీయాలి. మెలితిప్పే బలం సుమారు 490 న్యూటన్ మీటర్లు. రెండు పక్కలా డయల్ గేజీలు పెట్టాలి. 1.4 మీటర్ల వెడల్పు మీద రెండు పక్కల మధ్య తేడా సుమారు 2.4 మిల్లీమీటర్లు వస్తే బాడీ 0.1 డిగ్రీ మెలితిరిగినట్టు. అంటే డిగ్రీకి 4,900 న్యూటన్ మీటర్ల గట్టిదనం. తర్వాత తిన్నటి కడ్డీ వేసి కొలవాలి. ఆ తర్వాత త్రిభుజం కట్టి కొలవాలి. మూడు కొలతలు పక్కపక్కన రాస్తే చాలు, అదే ప్రాజెక్టు. నగరంలో బైండింగుతో సహా అమ్మే రెడీమేడ్ ప్రాజెక్టుల కన్నా ఈ మూడు అంకెల విలువ ఎక్కువని మేము నమ్ముతున్నాం.

ఈ పని మనవాళ్ళే ఎందుకు చేయాలి? ఎందుకంటే సగం విద్య ఇప్పటికే మన వాడల్లో ఉంది. ప్లేటును ఒకేచోట పొడవునా అతికితే వేడికి అది లాగేస్తుందని షెడ్డులో ఉస్తాద్‌కు తెలుసు. అందుకే ముందు ట్యాకింగ్ కొట్టి, ఎదురెదురు వైపుల నుంచి కొంచెం కొంచెంగా అతుకుతాడు. అది ఎందుకో మా పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. అధ్యాయం చదివినవాడు టార్చి పట్టడు, టార్చి పట్టినవాడికి అధ్యాయం చేరదు. అతని పక్కన పానాలు అందించే చోటూ మన ఇంటి పిల్లవాడే. వాడు జీవితాంతం పానా అందిస్తూనే ఉండాలా, లేక ఏ బోల్టు ఎంత బిగించాలో నిర్ణయించే స్థానానికి రావాలా? మా దృష్టిలో సమస్యంతా ఇక్కడే ఉంది.

ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా బండి తయారుచేసి పోటీపడే బాజా పోటీలు మన దేశంలో 2007 నుంచి, ఫార్ములా తరహా సుప్రా పోటీలు 2011 నుంచి జరుగుతున్నాయి. పైపులతో కట్టే ఆ బండ్లలో ప్రతి అతుకూ త్రిభుజాల లెక్కే. కానీ రిజిస్ట్రేషన్, సామాను, ప్రయాణం కలిపితే ఖర్చు లక్షల్లో ఉంటుంది. జట్టులో చేరాలంటే ప్రతి ఒక్కరూ కొంత వాటా వేసుకోవాలి. నెల ఖర్చుకే లెక్కలు వేసుకునే విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. రేపు ఇంటర్వ్యూలో “బండి మీద ఏం పని చేశావు?” అని అడిగితే మౌనంగా నిలబడేదీ అతనే. ప్రతిభ లేక కాదు, ముట్టుకోవడానికి బండి లేక.

“ముందు నీళ్ళు, అన్నం సరిగా ఉండనివ్వండి, కార్ల సంగతి తర్వాత” అని కొందరు మిత్రులు అంటారు. నీళ్ళూ అన్నం మన హక్కు, వాటి కోసం అడుగుతూనే ఉండాలి. కానీ అవి వచ్చేదాకా పనిముట్లు అడగకూడదని ఎవరు చెప్పారు? మనల్ని మనమే అన్నం దగ్గర ఆపుకుంటే ఇతరులు మనల్ని అక్కడే ఉంచడం చాలా తేలిక.

అందుకని ఈ సంచిక ద్వారా మేము నాలుగు కోరికలు పెద్దల ముందు పెడుతున్నాం. ఒకటి, ఇంజనీరింగ్, పాలిటెక్నిక్, ఐటీఐ చదివే హాస్టల్ విద్యార్థులకు సెలవు రోజుల్లో వర్క్‌షాపు తెరిచి ఉంచాలి. రెండు, తుక్కు కారు బాడీ ఒకటి, డయల్ గేజీలు రెండు, వెల్డింగ్ సామాను ఇప్పించాలి. ఇది పెద్ద ఖర్చు కాదు. మూడు, చుట్టుపక్కల షెడ్డుల్లోని అనుభవం ఉన్న ఉస్తాద్‌లను గౌరవ వేతనమిచ్చి శిక్షకులుగా పిలవాలి. నాలుగు, పోటీలకు వెళ్ళే జట్లలో హాస్టల్ విద్యార్థుల వాటా సొమ్మును సంక్షేమ శాఖ భరించాలి.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. వర్క్‌షాపు మాకెందుకని చెల్లెళ్ళు వెనక్కి పోవద్దు. డయల్ గేజీ ముల్లుకు ఎవరి చేయో తెలియదు. ఇంటర్‌లో ఉన్నవాళ్ళు ఇవాళే ట్రంకుపెట్టెతో మొదలుపెట్టండి. మూత తెరిచి ఒకసారి, మూసి ఒకసారి మెలితిప్పి, ఒక స్కేలు పెట్టి తేడా కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. “గట్టిగా ఉంది” అనడం ఎవరైనా చేస్తారు. ఎంత గట్టిగా ఉందో చెప్పగలిగినవాడే ఇంజనీరు. ఆ అంకె చెప్పే గొంతుల్లో మన గొంతు కూడా ఉండాలని మా కోరిక.